కొండ దిగినాక చెప్తా

యేసన్న అరచేతులు చూస్తే పిల్లలకు మొదట భయం వేస్తుంది. చర్మం పాత చెప్పు అడుగులాగా ఉంటుంది. వేళ్లు పూర్తిగా చాపుకోవు. మా క్యాంపుకు బెంగుళూరు నుంచి బస్సుల్లో వచ్చే బడిపిల్లలు ఆ చేతుల్ని చూస్తారు, వాటిల్లోని తాడును చూస్తారు, తమ టీచరు మొహం చూస్తారు. తర్వాత ఎలాగో బండ ఎక్కి, అంచున నిలబడి, వెనక్కి వాలతారు. పైనుంచి పిల్ల అరుస్తుంది, "అంకుల్, పట్టుకున్నారా?" అని. కింద నుంచి యేసన్న "పట్టుకున్నా, రా" అంటాడు. అదీ అతని ఉద్యోగం. ఆ మాట అతను ఊరికే అనగా నేను వినలేదు. తాడు నడుముకు బిగించి, కాళ్లు నేలలో పాతినట్లు నిలబడ్డాకే అంటాడు.

ముదిగుబ్బ దాటి కదిరి పోయే దోవలో, రోడ్డు నుంచి లోపలికి, గుండ్ల కొండ కింద ఉంది మా క్యాంపు. గుడారాలు, తాడు వంతెన, జిప్‌లైన్, ఒక వంటశాల, నీళ్ల ట్యాంకరు నిలిపే చోటు. దీని యజమాని హరినాథ్ సారు బెంగుళూరులో ఉంటాడు, శనాదివారాలు వస్తాడు. వేరుశనగ కూడా పండని ఈ బీడు కొని, బండలకు తాళ్లు కట్టి, పట్నం పిల్లలకు సాహసం నేర్పిస్తున్నాడు. నేను ఇంజనీరింగు రెండో ఏడు మధ్యలో వదిలేసి ఇక్కడ చేరాను. ఎందుకు వదిలానన్నది ఈ కథకు అక్కర్లేదు. పైన పిల్లలకు బెల్టులు తొడిగి పంపడం నా పని, కింద వాళ్లను అందుకోవడం యేసన్న పని. మూడేళ్లుగా ఒకే తాడుకు రెండు కొసల్లో ఉన్నాం కాబట్టి అతని గురించి నాకు తెలిసినంత అతని చుట్టాలకు కూడా తెలియదు.

అంతకుముందు అతను బావులు తవ్వేవాడు. వాళ్ల నాయన, అన్న దావీదు, ఇంకా ఊరివాళ్లు కొందరు కలిసి ఒక గుంపు. గోరంట్ల నుంచి వజ్రకరూరు దాకా ఎవరు పిలిస్తే అక్కడికి గడ్డపారలు, సమ్మెటలు, మోకులు మోసుకుని పోయేవాళ్లు. మోకు అంటే లావుపాటి తాడు. దాన్ని పట్టుకుని మనిషి బావిలోకి దిగాలి, దాన్ని పట్టుకునే పైకి రావాలి. బండ తగిలితే తూటాలు పెట్టి పేల్చేవాళ్లు. నీళ్లు పడితే యజమాని కోడిని కోసేవాడు. పడకపోతే గుంపు మొహం చూసేవాడు కాదు.

ఆ గుంపుకు ఒక కట్టుబాటు ఉండేది. బావిలో దిగి ఉన్న మనిషికి చెడ్డ మాట చేరకూడదు. ఇంట్లో ఎవరు చచ్చినా, గుడిసె కాలినా, పైనున్నవాడు నోరు మూసుకోవాలి. లోపలివాణ్ణి పైకి లాగి, నేల మీద కూర్చోబెట్టి, చెంబుడు నీళ్లు తాగించి, ఆ తర్వాతే చెప్పాలి. ఇది ఎవరు పెట్టారో యేసన్నకు తెలియదు. వాళ్ల తాత కాలం నుంచీ ఉందంటాడు.

ఒకసారి తప్పింది. దావీదు మోకు పట్టుకుని సగం పైకి వచ్చాడు. పైన యేసన్న లాగుతున్నాడు. ఊరి నుంచి పరిగెత్తుకొచ్చిన ఒకడు, గుంపు మనిషి కాదు, ఈ సంగతులేవీ తెలియనివాడు, బావి గట్టు మీదికి వంగి, "దావీదూ, కాన్పులో బిడ్డ పోయిందంట" అని అరిచాడు. యేసన్న ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. "చేతిలో మోకు తేలికయ్యె శశీ" అన్నాడు.

తర్వాత బోర్లు వచ్చాయి, బావులు పోయాయి, గుంపు చెదిరిపోయింది. యేసన్న కూలికి పోయాడు, రాళ్లు మోశాడు, కొన్నాళ్లు గొర్రెలు కాశాడు. క్యాంపు కడుతున్నప్పుడు స్తంభాలకు గుంతలు తీయడానికి వచ్చి, తాళ్లు చూసి ఇక్కడే ఉండిపోయాడు. భార్య తిప్పమ్మ కూలి పని చేసేది. ఒక్కటే కూతురు, రూతు. కదిరి వైపు గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతుంది.

గురుకులంలో తల్లిదండ్రులను నెలకొకసారి, రెండో ఆదివారమే రానిస్తారు. ఆ ఒక్క ఆదివారం యేసన్న చర్చి మానేసేవాడు. మొగుడూ పెళ్లాలు చిత్రాన్నమో, నాటుకోడి కూరో వండుకుని పోయి, బడి ఆవరణలో చెట్టు కింద కూతురితో కూర్చుని తిని వచ్చేవాళ్లు. రూతుకు తండ్రి పని మీద ఒకటే ఆరాటం. కొండ ఎంత ఎత్తు, తాడు తెగుతుందా, ఏ పిల్ల ఏడ్చింది అని అడుగుతుండేది. యేసన్న భుజం మీది టవలు తీసి చెట్టు కొమ్మకు కట్టి చూపించేవాడు. తిప్పమ్మ ఊరుకునేది కాదు. "బళ్లో ఏసింది చదివేదానికా, చెట్లకు ఏలాడేదానికా? తండ్రీకూతుర్లకు ఒగటే పిచ్చి" అనేది. అంటూనే కూతురి పళ్లెంలో ఇంకో ముక్క వేసేది.

ఏదో కంపెనీ డబ్బు ఇచ్చి, గురుకులం ఆడపిల్లలను మూడు రోజులు మా క్యాంపుకు పంపడానికి ఒప్పుకుంది. గవర్నమెంటు బడి పిల్లలు మా దగ్గరికి రావడం అదే మొదలు. బడిలో ఆటల టీచరు సునంద మేడం పిల్లల్ని ఎంచింది. రూతు పేరు అందులో ఉంది. దసరా సెలవులకు ఇంటికి వచ్చి ఆ పిల్ల చెప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇంకో మాట లేదు. తిప్పమ్మ కదిరి సంతకు పోయి బూట్లు కొంది. "నేనూ వచ్చి చూస్తా. మీ నాయన ఎంత మొగోడో, నువ్వెంత మొనగత్తెవో" అందట.

పిల్లలు సోమవారం రావాలి. అంతకుముందు బుధవారం తిప్పమ్మ చనిపోయింది.

అది శెనక్కాయ పెరికే కాలం. పెరికిన చెట్లను కుప్పలు వేసి ఆరబెడతారు. తిప్పమ్మ కుప్ప ఎత్తబోతే కింద ఉన్న పాము కాటేసింది. పక్కనున్న ఆడవాళ్లు యేసన్నకు ఫోను చేశారు. అతను క్యాంపు నుంచి పరిగెత్తాడు. ఆటోలో వేసుకుని అనంతపురం వైపు బయలుదేరితే, పెద్దాసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఆటో వెనక సీట్లో ఆమెతో ఉన్నది అతనొక్కడే.

మర్నాడు, బేస్తవారం, మట్టి చేశారు. నేనూ పోయాను. సమాధుల తోటలో నేల రాయిలాగా ఉంది. తవ్వేవాళ్ల గడ్డపారలు టంగుమంటున్నాయి. యేసన్న కాసేపు చూసి, చొక్కా విప్పి, వాళ్లను పక్కకు జరగమని తనే గుంతలో దిగాడు. ఎవరు చెప్పినా వినలేదు. భుజాల దాకా లోపలికి పోయాక, తిప్పమ్మ అక్క అక్కమ్మ గట్టు మీదికి వచ్చి నిలబడింది.

"పాపకు ఫోన్ చేసినావా?"

అతను తవ్వుతూనే ఉన్నాడు.

"నిన్నే యేసన్నా. బిడ్డ రావాలె కదా, తల్లి మొగం చూడాలె కదా. పాస్టరయ్య సాయంత్రం దాకా ఆగుతానంటాండాడు. నువ్వు ఫోన్ చేసినావా ల్యాదా?"

అతను గుంత పూర్తిగా తవ్వాడు. పైకి వచ్చాడు. కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. అప్పుడు చెప్పాడు.

"సోమవారం కొండకు వస్తాండాది వదినా. బండ మీద నిలబడాల, తాడు మీద దిగాల. ఇప్పుడు చెప్తే చెయ్యి వదుల్తుంది. కొండ దిగినాక చెప్తా."

"నీకేమన్నా మతి పోయిందా? తల్లి మట్టి పెద్దదా, నీ కొండ పెద్దదా?"

"దసరా కాడ్నించి అదే ద్యాస ఆ పాపకు. మూడు దినాలు ఉండనీ. దిగినాక నేనే చెప్తా."

అక్కమ్మ నెత్తి కొట్టుకుంది. బడి ఫోన్ నంబరు ఆమె దగ్గర లేదు. ఉన్నా, తండ్రి బతికుండగా తను ఆ మాట చెప్పడం పద్ధతి కాదనుకుంది. నేను మాత్రం అతని మొహం మీదే అన్నాను, "తప్పు చేస్తాండావు యేసన్నా" అని. "సుమ్మనుండు శశీ" అని నా నోరు మూయించాడు. పాస్టరయ్య ప్రార్థన చేశాక అందరం తలా పిడికెడు మట్టి వేశాం. కూతురు వేయాల్సిన పిడికెడు ఎవరూ వేయలేదు. సాయంత్రానికల్లా అందరూ వెళ్లిపోయారు.

సోమవారం అతను గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. హరినాథ్ సారు ఫోనులో సెలవు తీసుకోమన్నాడు. "పాప తాడు ఇంగొకరికి ఇయ్యను సార్" అన్నాడు యేసన్న. వంటవాళ్లకు, మాకు అందరికీ ఒకటే మాట చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం దాకా ఎవరూ ఏమీ అనకూడదు. చచ్చినదాని మొగుడు అడిగితే కాదని ఎవరంటారు?

బస్సు ఆగగానే రూతు దూకినట్లు దిగింది. సన్నగా, నల్లగా, తల్లి నోరు, తండ్రి పొడుగు. అటూ ఇటూ చూసింది.

"అమ్మ యాడ నాయనా?"

"శెనక్కాయ పెరుకుతాండారు మ్మా. కూలోళ్లు దొరకలేదు."

"మూడు దినాల్లో ఒగ దినం రాలేదా? చూస్తాననె కదా."

"చూస్తాం."

"రమ్మని గట్టిగా చెప్పు. ఇంగ, ఈ బూట్లు కరుస్తాండాయని కూడా చెప్పు. ఒగ నంబరు పెద్దది తీసుకోమంటే ఇనలేదు. పోయినేడాది పాదం కొలతతో తెచ్చింది మహాతల్లి."

"చెప్తా" అన్నాడు యేసన్న.

మధ్యాహ్నం బండ దగ్గర పిల్లలు వరస కట్టారు. రూతు జతగత్తె జ్యోతి, బొద్దుగా ఉంటుంది, బెల్టు బిగిస్తుంటే నాతో అంది, "శశన్నా, కింద ఉండేది దీని నాయనంట. దీన్ని పట్టుకుంటాడు, మమ్మల్ని ఇడ్సేస్తాడేమో."

"నిన్ను ఇడ్సేయమని నేనే చెప్పినా" అంది రూతు. "పట్టుకుంటే మా నాయన గాల్లోకి లేస్తాడు. ముందు నువ్వు అన్నం తగ్గించు."

జ్యోతి దిగింది. రూతు వంతు వచ్చింది. అంచున నిలబడి కిందికి చూసింది. మొదటిసారి ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది.

"నాయనా, పట్టుకున్నావా?"

"పట్టుకున్నా, రా."

వెనక్కి వాలింది. నాలుగడుగులు బండను తన్నుకుంటూ దిగి, సగంలో ఆగి, కాళ్లు బండకు ఆనించి, రెండు చేతులూ వదిలేసి గాల్లో ఊగింది. భయం ఎక్కడికి పోయిందో పోయింది.

"నాయనా, పైనుంచి నీ బట్టతల బాగా మెరుస్తాండాది. అద్దం మాదిరి."

ముప్పై మంది ఆడపిల్లలు ఒకేసారి నవ్వారు. యేసన్న కూడా నవ్వాడు. తల పైకెత్తి, తాడు బిగపట్టుకుని, పళ్లన్నీ కనబడేటట్లు నవ్వాడు. నేను అది చూడలేక ఇంకో పిల్లకు హెల్మెట్ పెట్టే పనిలో పడ్డాను.

మంగళవారం జిప్‌లైన్. ఈ గుండురాయి మీది నుంచి ఆ గుండురాయి మీదికి తీగ మీద జారుతూ రూతు తల్లిని పేరు పెట్టి కేక వేసింది, "ఓ తిప్పమ్మా, చూడు నీ కూతుర్ని" అని. దిగగానే నా దగ్గరికి వచ్చింది.

"శశన్నా, ఒగసారి ఫోనియ్యి. అమ్మకు చెప్పాల."

"మీ నాయన్ని అడుగు" అన్నాను.

పోయి అడిగింది. యేసన్న అబద్ధాలు అల్లడం ఎరగడు. "అమ్మ ఫోను నీళ్లల్లో పడింది" అన్నాడు.

"మన ఊర్లో నీళ్లు యాడివి నాయనా?"

"అదే... కుడితి తొట్లో."

పిల్ల పడి పడి నవ్వింది. "కుడితిలో ఏసిందా? ఎద్దులకు ఫోన్ చేసుకోమనిందేమో. రానీ, రెండో ఆదివారం చెప్తా ఆమె పని."

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా మంట వేశాం. పిల్లలు ఒక్కొక్కరే లేచి పాటో, ఆటో, ఏదో ఒకటి చేయాలి. రూతు లేచి చున్నీ నడుముకు దోపుకుంది. రెండు చేతులూ నడుము మీద పెట్టింది. తిప్పమ్మ అయిపోయింది. నేను తిప్పమ్మను ఎరుగుదును కాబట్టి చెప్తున్నాను, అచ్చం ఆమే. గొర్రె పరాయి చేనులో పడితే తిట్టే తిట్లు, పక్కింటామె చేట అడిగితే మొహం తిప్పుకునే తీరు, చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ సగంలో ఒక కన్ను తెరిచి మొగుడు నిద్రపోతున్నాడేమో చూసి మోచేత్తో పొడవడం. సునంద మేడం కళ్లల్లో నీళ్లు వచ్చేటట్లు నవ్వింది. మా వంటవాళ్లు మాత్రం గిన్నెలు తోముతున్నట్లు తలలు దించుకున్నారు.

యేసన్న నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాడు. చివరిదాకా చూశాడు. అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టాడు. నేను దగ్గరికి పోయి, "ఇప్పుడు చెప్పు. నేల మీదే ఉండాది కదా" అన్నాను. "రేపు పెద్ద బండ ఉండాది శశీ" అన్నాడు.

బుధవారం పెద్ద బండ. రూతు అందరికన్నా చివర దిగింది. పాదాలు నేలకు ఆనాయి. యేసన్న తాడు ఊడదీసి, చెయ్యి పట్టుకుని గుండు నీడకు తీసుకుపోయాడు. కూర్చోబెట్టాడు. నీళ్ల సీసా ఇచ్చాడు. నేను పక్కనే తాడు చుడుతున్నాను.

"ఏంది నాయనా, నాకేం కాలేదు."

"తాగు మ్మా."

తాగింది. మూతి తుడుచుకుంది.

"అమ్మ సచ్చిపోయింది మ్మా. పాము కరిసింది."

రూతు అతని మొహం చూసింది. ఏదో తమాషా చేస్తున్నాడనుకుని నవ్వబోయింది. తర్వాత నన్ను చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"ఎప్పుడు?"

"పోయిన బుధవారం. బేస్తవారం మట్టి చేసినాం."

"బేస్తవారం..." అని ఆగింది. "బేస్తవారం మాకు గుడ్డు పెట్టినారు. నేను జ్యోతి గుడ్డు కూడా తిన్నా." ఆ మాట ఎందుకు అన్నదో తనకే తెలిసినట్లు లేదు. సీసా మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "నిన్న సాయంత్రం నేను అమ్మ మాదిరి ఆడినా కదా."

"ఊఁ."

"నువ్వు ఆడనే ఉంటివి."

"ఉంటి."

"అందరూ నగినారు. నువ్వు చప్పట్లు కొట్టినావు."

"తాడు మీద ఉండే మనిషికి చెప్పకూడదు మ్మా. చెయ్యి వదుల్తుంది. మీ పెదనాయన..."

"నిన్న సాయంత్రం నేను తాడు మీద లేను నాయనా. బేస్తవారమూ లేను. బళ్లో నేల మీదే కూసోనుంటి."

రూతు హెల్మెట్ తీసింది. నడుము బెల్టు తీయబోతే కొక్కెం రాలేదు. యేసన్న చెయ్యి చాపాడు. పిల్ల వెనక్కి జరిగింది. లేచి నా దగ్గరికి వచ్చి, "శశన్నా, ఇది తియ్యి" అంది. తీశాను.

సునంద మేడం వచ్చి యేసన్నను నోటికి వచ్చినట్లు తిట్టింది. "మీరు మనిషేనా? మాకు ఒక్క మాట చెప్పి ఉంటే నేనే పాపను తీసుకొచ్చేదాన్ని కదా? నన్ను కూడా నవ్వించారు" అంది. అతను తలవంచుకుని విన్నాడు. క్యాంపు జీపులో ఆమే రూతును ఊరికి తీసుకుపోయింది. యేసన్న ఎక్కబోతే, "నాయన వద్దు" అంది రూతు. అతను దిగిపోయాడు. పిల్లను అక్కమ్మ సమాధుల తోటకు తీసుకుపోయిందట. కుక్కలు తవ్వకుండా మట్టి మీద అప్పటికే రాళ్లు పేర్చి ఉన్నాయి. పిడికెడు మట్టి వేద్దామని రూతు వంగితే, గట్టిపడిన నేల గోళ్లకు రాలేదట. అక్కమ్మ కొంగుతో గోళ్లలో రక్తం తుడిచిందట.

యేసన్నను హరినాథ్ సారు కొన్నాళ్లు వంటశాలకు నీళ్లు మోసే పనిలో పెట్టాడు. తర్వాత మళ్లీ తాడు దగ్గరికే పిలిచాడు, ఎందుకంటే అతని చోట పెట్టిన కుర్రవాడు ఫోన్ చూస్తూ తాడు పట్టుకునేవాడు. ఇప్పుడూ పైనుంచి పిల్లలు అడుగుతారు. ఇప్పుడూ అతను జవాబు చెప్తాడు. కాకపోతే ఒక్కోసారి పిల్లలు రెండుసార్లు అడగాల్సి వస్తోంది.

ఆ తర్వాత వచ్చిన రెండో ఆదివారం అతను ఒక్కడే అన్నం బాక్సు కట్టుకుని గురుకులానికి పోయాడు. రూతు బయటికి రాలేదు. గేటు మూసేదాకా చెట్టు కింద కూర్చుని వచ్చేశాడు. తర్వాతి నెలకు నన్ను కూడా రమ్మన్నాడు. "నువ్వుంటే వస్తుందేమో. నీ మీద కోపం లేదనుకుంటా" అన్నాడు. నా మీద కూడా ఉండాలి, న్యాయంగా చూస్తే. అయినా పోయాను.

చెట్ల కింద చాపలు, దుప్పట్లు పరుచుకుని తల్లులు, తండ్రులు కూర్చుని ఉన్నారు. కూతుళ్లకు తలలు దువ్వుతున్నారు, ముద్దలు కలిపి పెడుతున్నారు. చాలాసేపటికి రూతు వచ్చింది. చిక్కిపోయింది. తండ్రిని దాటుకుని వచ్చి నా ముందు కూర్చుంది. యేసన్న లేచి కాస్త దూరం పోయి గోడ పక్కన గొంతుకూర్చున్నాడు.

"శశన్నా, ఆ దినం నువ్వుంటివి కదా. చెప్పు. ఒగటీ ఇడ్సొద్దు."

చెప్పాను. నాకు మెల్లగా చెప్పడం రాదు, ఉన్నది ఉన్నట్లు చెప్పడమే వచ్చు. ఆమె అడుగుతూ పోయింది.

"ఏ చీర కట్టినారు?"

"ఆకుపచ్చది. మీ పెద్దమ్మ పెట్టెలోంచి తీసింది."

"తల ఎవరు దువ్వినారు?"

"మీ పెద్దమ్మే."

"మొగం ఎట్లుండె?"

"నిద్రపోయినట్లు లేదు. వాచిపోయి ఉండె. కాలు నల్లబడి ఉండె."

ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది. "పాస్టరయ్య నా పేరు చదివినాడా ప్రార్థనలో?"

"చదివినాడు."

"ఆటోలో ఏమన్నా మాట్లాడిందా అమ్మ?"

"అది నాకు తెలీదు. ఆటోలో మీ నాయన ఒక్కడే ఉండె."

రూతు గోడ వైపు చూసింది. యేసన్న నేల చూస్తున్నాడు. పక్క చాప మీద ఎవరో పిల్ల ఇంకా అన్నం వద్దని మారాం చేస్తోంది. ఆ పిల్లకు కావలసింది ఈ లోకంలో ఒక్క మనిషి దగ్గరే ఉంది, ఆ మనిషినే అడగాలి. చివరికి లేచి అతని ముందుకు పోయి నిలబడింది. కూర్చోలేదు.

"ఆటోలో అమ్మ ఏమనె?"

యేసన్న లేచి నిలబడ్డాడు. నన్ను చూశాడు. ఏదో ఒక మంచి మాట చెప్పవచ్చు. పాపను బాగా చదివించమనిందని చెప్పవచ్చు, బాధ లేకుండా పోయిందని చెప్పవచ్చు. చెప్తాడనే అనుకున్నాను.

"నాలిక మందమయ్యె" అన్నాడు. "మాట సరిగా రాలే. 'పాపను పిలిపియ్' అనె. మళ్లా మళ్లా అదే అనె. 'వస్తాండాది' అని చెప్తి. 'యాడికొచ్చింది' అనె. 'కదిరి దాటింది' అంటి. అంతే మ్మా. ఇంగేం మాట్లాడలా."

"నాకు ఫోనే చెయ్యకుండా."

"చెయ్యకుండా."

"వస్తాండానని చూస్తా ఉండె, కదా."

"దోవకల్లా చూస్తా ఉండె."

రూతు అక్కడే నిలబడింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో, అతని మీద పడి కొడుతుందేమో అనుకున్నాను. ఏదీ చేయలేదు. అతను బాక్సు చాపాడు. ఆ పిల్ల దాన్ని చూసింది, చెయ్యి మాత్రం చాపలేదు. తిరిగి హాస్టలు వైపు నడిచింది. మెట్ల దగ్గర జ్యోతి ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ లోపలికి పోయారు.

కదిరి బస్టాండులో ముదిగుబ్బ బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. "వచ్చే నెల వస్తుందంటావా?" అని అడిగాడు. తెలీదన్నాను. కాసేపటికి బాక్సు విప్పి, మూతలో సగం అన్నం పెట్టి నాకిచ్చాడు. చిత్రాన్నం. చల్లారి గట్టిపడింది. ఇద్దరం తిన్నాం.

"ఉప్పు ఎక్కువైంది కదప్పా" అన్నాడు యేసన్న.

అవునన్నాను.